ఏడు జానల గాటు

రోజు 2206

మంచు బాగా దిగింది. పన్నెండు వలలూ తడిశాయి. తొట్టిలోకి నాలుగు వందల పది బిందెల నీళ్ళు. ఏడో వల కింది దోనె కారుతోంది. జిగురు పెట్టాను.

ఆఫీసు పుస్తకంలో ఇంతే రాస్తాను. నీళ్ళు, వలలు, అవతలి గొంతు, వారానికోసారి పిల్ల ఎత్తు. ఈరోజు ఆ పుస్తకంలో మొదటిసారి అబద్ధం రాశాను. పిల్ల ఆరు జానల పది వేళ్ళు ఉంది. తొమ్మిదని రాశాను.  నాకు అబద్ధాలు చేతకావు. అసలు మాటలే చేతకావు. అందుకని నిజం ఒక చోట ఉండాలని ఈ రెండో పుస్తకం కుట్టుకున్నాను. సిమెంటు సంచుల కాగితం. నేను మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. తప్పులుంటే ఉంటాయి.

పిల్ల పేరు మిరెన్. అవతలి దేశం పిల్ల. యుద్ధం మొదలైన ఏడాది, అయిదేళ్ళప్పుడు, ఈ కొండకు తెచ్చి నా దగ్గర పెట్టారు. అదే రోజు మా ఊరి పారమ్మ కొడుకు గంగులును పడవలో అవతలకు పంపారు. వాడికీ అయిదేళ్ళే. రెండు ఒడ్లకూ మధ్య ఏడు మైళ్ళ నీళ్ళు. హామీ బిడ్డ ఉన్న కొండ మీద ఎవరూ గుండు వెయ్యకూడదని ఒప్పందం. ఈ కొండ మీది వలలు మంచు పట్టి మూడు ఊళ్ళకు తాగునీళ్ళు ఇస్తాయి. గంగులు ఉన్న చోట అవతలోళ్ళ నీళ్ళ మిల్లు ఉందట.

హామీ బిడ్డ బిడ్డగా ఉన్నంత కాలమే. మా వైపు కొలకర్ర ఉంది. ఏడు జానల దగ్గర గాటు, జానకు పన్నెండు వేళ్ళు. గాటు దాటితే బిడ్డ కాదు, శత్రువు. పెద్దల వాడకు తీసుకుపోతారు. అక్కడి నుంచి తిరిగి వచ్చినవాళ్ళను నేను చూడలేదు. ఒక బిడ్డ హామీ పోతే జోడీ బిడ్డ హామీ కూడా పోతుంది.

ఇంకా రెండు వేళ్ళు ఉంది.

రోజు 2213

మూడు వందల తొంభై బిందెలు.

పొద్దున్నే పిల్ల గొంతుపెట్టె ముందు నిలబడి పేరు, రోజు లెక్క, ఉన్నాను అనే మాట చెప్పింది. అవతల వాళ్ళ అమ్మ వింటుంది. తర్వాత అవతల నుంచి గంగులు మాట వచ్చింది. పారమ్మ ఎప్పట్లాగే చీకటితో కొండెక్కి వచ్చి, పెట్టెకు చెవి ఆనించి వింది. ఆరేళ్ళలో ఒక్క పొద్దు మానలేదు. మాట అయిపోగానే దిగిపోతుంది. నాతో రెండు ముక్కలు. పిల్లతో ఒకటి.

"మాట తిరిగిపోతన్నాది మావా. ఉన్నాను అనడం కూడా ఆల యాసలో అంటన్నాడు" అంది ఈరోజు.

మిరెన్‌ది అటు కాదు. మా మాట మాకంటే బాగా మాట్లాడుతుంది. నీళ్ళను మీ భాషలో ఏమంటారని ఒకసారి అడిగాను. నిచ్చెన మీద ఉంది, కొబ్బరి పీచుతో వల నాచు రుద్దుతోంది. చెయ్యి ఆపి ఆలోచించింది.

"మర్సిపోనాను తాతా."

పేరు, అంకెలు, ఉన్నాను. సొంత భాషలో ఆ పిల్లకు మిగిలింది అంతే.

కింది ఊరి పిల్లలు బిందెలతో వచ్చారు. ఒకడు నిచ్చెన కింద నిలబడి, "ఒలే అవతల గుంటా, మీవోళ్ళు గుండేస్తే ముందు నీ నెత్తి మీదే పడతాది" అన్నాడు.

"నా నెత్తి మీద పడదు గాబట్టే నువ్వు రోజూ బిందెట్టుకుని ఇక్కడి కొస్తన్నావు" అంది. చెయ్యి ఆపలేదు.

వాడు బిందె సగమే నింపుకుని పోయాడు.

రోజు 2231

మధ్యాహ్నం గంజి తాగుతుంటే గుర్రాల మెట్ట మీద గుండ్లు పడ్డాయి. మా కొండకు దక్షిణాన ఉంది ఆ మెట్ట. అక్కడా వలలు ఉన్నాయి. లెక్కపెట్టాను. పదహారు.

అక్కడి హామీ బిడ్డను నాకు తెలుసు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు. గాటు దాటాడని పది రోజుల కిందట తీసుకుపోయారు. కొత్త బిడ్డను మార్చుకునే పని యుద్ధం ముదిరాక ఆగిపోయింది.

మిరెన్ గిన్నె దించి అటే చూసింది. పొగ నిలువుగా లేచి పక్కకు వంగింది.

"ఆడు ఎన్ని వేళ్ళు పైకి ఎదిగినాడు తాతా?" అని అడిగింది.

"అర వేలు" అన్నాను.

గంజి వదిలేసి వల కడగడానికి పోయింది.

రోజు 2240

గుర్రాల మెట్ట కింది ఊళ్ళవాళ్ళు కూడా నీళ్ళకు ఇక్కడికే వస్తున్నారు. మనిషికి రెండు బిందెలు చాలడం లేదు. తోపులాట.

తొట్టి దగ్గరే పంచాయితీ పెట్టారు. అందరూ మిరెన్‌ను చూస్తున్నారు. ఆమె ఎత్తును చూస్తున్నారు. ఒకామె తన భుజంతో పోల్చుకుంది. నేను వలతాడు చేతిలో తిప్పుతూ నిలబడ్డాను. నలుగురిలో నాకు నోరు రాదు.

పారమ్మే ముందుకొచ్చింది. పొట్టి మనిషి. గొంతు మాత్రం కొండ దిగుతుంది.

"మావా, దీనికి ఎంతేసి పెడతన్నావు?"

"రెండు పూటలా గిన్నెడు."

"సగం సెయ్యి."

చేతిలో వలతాడు తిప్పడం ఆపాను.

"నాకేదో సంతోసమై సెప్తన్నాననుకుంటన్నావా? అక్కడ నా కొడుకు దీని ఎత్తు మీద బతుకుతన్నాడు. ఇది వేలెడు ఎదిగితే ఆడు పోతాడు. తిండి తగ్గితే ఎదుగు తగ్గతాది. మేకపిల్లకి తగ్గదేటి?"

మిరెన్ దోనె దగ్గర కూర్చుని ఇదంతా వింటోంది. చేతిలో పీచు ఉంది.

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

రోజు 2249

తొమ్మిది రోజులు సగం గిన్నె పెట్టాను. నేనూ సగమే తిన్నాను. దానితో నా తప్పు సగమైపోదు.

ఈరోజు మిరెన్ నిచ్చెన మీది నుంచి పడింది. కళ్ళు తిరిగాయంది. నుదురు చీరుకుంది. పసుపు అద్ది గుడ్డ కట్టాను. కడుతుంటే నా గిన్నె వైపు చూసింది. అడుగున గంజి మిగిలి ఉంది.

"నువ్వు తినడం మానేస్తే నాను పొట్టిగా అయిపోతానేటి తాతా?"

కొలకర్ర పక్కన నిలబెట్టాను. బుగ్గలు లోపలికి పోయాయి. పక్కటెముకలు తేలాయి. ఎత్తు మాత్రం ఆగలేదు. ఎముకకు మా పంచాయితీ తెలియదు.

కుండలో ఉన్నదంతా పెట్టాను. మొదట వద్దంది. తర్వాత తింది. తింటూ ఏడ్చింది. నేను బయటికి వచ్చి దోనెలు తుడిచాను.

రోజు 2256

పిల్లకు మళ్ళీ నిండుగా పెడుతున్న సంగతి పారమ్మకు తెలిసింది. తిట్టలేదు. మధ్యాహ్నం పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. మిరెన్ వలల నీడలో చాప వేసుకుని పడుకుని ఉంది.

పడుకున్న పిల్లను దాటితే ఆ పిల్ల ఎదగదని మావాళ్ళ నమ్మకం. పొరపాటున దాటితే వెంటనే వెనక్కి దాటి పోవాలి. నా చిన్నప్పుడు మా అమ్మ ఆ మాటకే అన్నల వీపులు పగలగొట్టేది. ఈరోజు వీళ్ళు దాటడానికే వచ్చారు.

పారమ్మ చీర కొంచెం ఎత్తి, మిరెన్ నడుం మీదుగా దాటింది. వెనక్కి దాటలేదు. తర్వాత ఒక్కొక్కరూ. ఎవరూ నవ్వలేదు, మాట్లాడలేదు. ముసలి తవిటమ్మకు కాలు లేవదు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని దాటించారు. దాటినవాళ్ళు అటువైపు వరసగా నిలబడ్డారు, ఇటు తిరిగి రాకుండా చుట్టూ తిరిగి దిగిపోయారు.

నేను చూస్తూ ఉన్నాను. ఆపలేదు. అన్నం తగ్గించడం కంటే ఇది నయమనిపించింది.

వాళ్ళు పోయాక మిరెన్ కళ్ళు తెరిచింది. నిద్రలో లేదు.

"పదకొండు మంది తాతా. తవిటమ్మ మడమ నా ముక్కుకి తగిలినాది."

నేను చాప అంచు సరిచేశాను.

"నువ్వు దాటలేదేటి?"

"మోకాలు నొప్పి."

"అబద్దం" అంది. కాసేపటికి, "అక్కడ గంగుల్ని కూడా దాటతన్నారేటి?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. అవతల కొలత ఎత్తు కాదు. మగపిల్లాడి గొంతు పగిలి పెద్ద మగాడి గొంతైతే వాళ్ళ లెక్కలో బిడ్డ కాదు. గొంతును ఎలా దాటుతారు?

రోజు 2290

రెండు వందల ఎనభై బిందెలు. మంచు పలచబడింది.

గంగులు గొంతు బొంగురుగా వచ్చింది. ఉన్నాను అన్నప్పుడు మధ్యలో కిందికి జారి మళ్ళీ పైకి లేచింది.

పారమ్మ పెట్టె దగ్గరి నుంచి లేవలేదు.

"జలుబు" అంది. నన్ను చూడలేదు. పెట్టెనే చూస్తోంది. "జలుబు చేసినాది ఆడికి."

మిరెన్ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ పదకొండు దాటింది. ఇద్దరూ ఎదుగుతున్నారు. ఎదగడం తప్పయిన చోట ఎదుగుతున్నారు.

అలవాటు కొద్దీ ఆఫీసు పుస్తకంలో రాసేశాను. అవతలి గొంతు బొంగురు అని. రాశాక తెలిసింది ఏం చేశానో. సిరా ఆరిపోయింది. ఆ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు, పేజీలకు నంబర్లు ఉన్నాయి.

రోజు 2318

ఏడు జానలు. సరిగ్గా గాటు.

ఆఫీసు పుస్తకంలో ఆరు జానల పదకొండు వేళ్ళు.

మిరెన్ వంగి నడవడం నేర్చుకుంది. మెడ ముందుకు పెట్టి, మోకాళ్ళు కొంచెం మడిచి. నీళ్ళకు వచ్చినవాళ్ళ ముందే కాదు, ఒక్కతే ఉన్నప్పుడు కూడా అలాగే నడుస్తోంది. నిటారుగా నిలబడు, ఎవరూ లేరు అన్నాను.

"మర్సిపోతాను తాతా. ఒకసారి నిలబడితే మళ్ళీ వొంగాలని గుర్తుండదు" అంది.

గంగులు గొంతు రోజురోజుకూ బండబారుతోంది. పారమ్మ ఇప్పుడు జలుబు అనడం లేదు.

రోజు 2332

నిన్న అవతల నుంచి మాట రాలేదు. ఈరోజూ రాలేదు.

మిరెన్ తన మాట చెప్పాక పెట్టెలో గాలి చప్పుడు ఒక్కటే. పారమ్మ రెండు పూటలా కొండ మీదే ఉంది. ఏమీ తినలేదు. మూడు రోజులు వరసగా మాట రాకపోతే ఒప్పందం పోయినట్టే. రేపు మూడో రోజు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి తీగ మీద అడిగారు, అవతలి గొంతు వచ్చిందా అని. రాలేదన్నాను. రేపు చెప్పమన్నారు.

మిరెన్ తన బట్టలు మడిచి గోనెలో పెట్టుకుంది. రెండు జతలు. నేను తీసి మళ్ళీ దండెం మీద వేశాను. ఆమె మళ్ళీ మడిచింది.

రోజు 2333

వచ్చింది.

"గంగులు. రెండువేల మూడువందల ముప్పై మూడు. ఉన్నాను."

సన్నటి గొంతు. తీగలా ఉంది. ఏడెనిమిదేళ్ళ పిల్లాడిదో, పిల్లదో. ప్రతి అక్షరం వేరువేరుగా పలికింది, నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు.

మిరెన్ గట్టిగా ఊపిరి వదిలింది. అంతలో పారమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

పారమ్మ పెట్టెకు ఆనించిన చెవి తియ్యలేదు. మాట ఆగిపోయి చాలాసేపైనా అలాగే ఉంది. తర్వాత లేచి, చీర దులుపుకుని దిగిపోయింది.

ఆఫీసుకు వచ్చిందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఏదో ఒకటి వచ్చింది.

రోజు 2345

పన్నెండు రోజులుగా పారమ్మ కొండెక్కడం లేదు.

ఆఫీసు నుంచి కబురు. కొలతల అధికారి 2360న వస్తాడు. ఆర్నెల్లకోసారి వచ్చేదే. పిల్ల ఎత్తు కొలుస్తాడు. తర్వాత అవతలి గొంతును తల్లికి వినిపించి, నా బిడ్డే అని వేలిముద్ర వేయించుకుంటాడు. మరలు ఏ గొంతునైనా పలుకుతున్నాయి, ఏ కొలతనైనా మారుస్తున్నాయి. అందుకని రెండు దేశాలూ మరలను నమ్మడం మానేశాయి. కర్ర, చేతిరాత, తల్లి చెవి. ఈ మూడే చెల్లుతాయి.

పారమ్మ కాదంటే ఒప్పందం తెగుతుంది. మిరెన్‌ను ఆ రోజే తీసుకుపోతారు.

రోజు 2350

పారమ్మ ఇంటికి దిగాను. పిలవకుండా ఒకరి ఇంటికి పోవడం నాకు అలవాటు లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. చింతపండు పిక్కలు తీస్తోంది.

"కూకో మావా" అంది. కూర్చోలేదు.

"ఆదివోరం దొర వొస్తాడంట గదా" అంది.

"ఆదివోరం కాదు. పది రోజులుంది."

"అది నా కొడుకు కాదు."

"తెలుసు."

"ఆడిని సంపేసి ఎవలి గుంటనో నిలబెట్టినారు. నాకు తెలదనుకున్నారు. ఆరేళ్ళు ఇన్నాను మావా. ఊపిరి తీసుకుంటేనే పోల్చుకుంటాను. మరి ఆల పిల్లని నానెందుకు కాయాల? సెప్పు. దానికి తిండి తగ్గించమన్నాను, దాటినాను, పాపం మూటకట్టుకున్నాను. ఎవలి కోసం?"

గోరు కింద చింతపండు ఇరుక్కుంటే లాగేసింది. రక్తం వచ్చింది. చూసుకోలేదు.

 ఈ అయిదు రోజులూ వలల దగ్గర నాలో నేను చెప్పుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పాను. ఇన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

"పారమ్మా, నాను ఆఫీసు పుస్తకంలో దీని ఎత్తు తప్పు రాస్తన్నాను. అయిదు నెల్లై రాస్తన్నాను. అవతల కొలత గొంతు. గంగులు గొంతు పగిలిపోనాది, మనం ఇన్నాం. అక్కడ కూడా ఒక ముసిలోడు ఉన్నాడేమో. పెట్టె కాడ. నాలాటోడు. ఆడు తప్పు గొంతు పెడతన్నాడేమో. గంగుల్ని ఎనకాల దాసి."

"ఏమో అంటన్నావు."

"ఏమో."

"ఏమో అంటే సాలదు మావా."

"సాలదు" అన్నాను.

ఇంకేమీ లేదు నా దగ్గర. వచ్చేశాను. ఎక్కుతుంటే మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది.

రోజు 2357

మిరెన్ ఏడు జానల ఒక వేలు. ఆ వేలెడూ ఉంగరాల జుట్టుదే అనుకుంటాను. చాలా ఒత్తు. కొలకర్ర పలక పెట్టి ఎంత అదిమినా లేస్తుంది.

గుండు గియ్యమని నేను అనలేదు. ఆమే కత్తి తీసుకుంది. నా గడ్డం కత్తి.

"ఇటివ్వు, నాను గీస్తాను" అన్నాను.

"నీ సెయ్యి వొణుకుతాది తాతా."

కొండ దిగింది. పై నుంచి చూశాను. సందులోంచి తిన్నగా పారమ్మ ఇంటికి పోయి, గుమ్మం ముందు ఆమెకు వీపు పెట్టి కూర్చుంది. కత్తి వెనక్కి చాచింది. పారమ్మ చాలాసేపు బయటికి రాలేదు. మిరెన్ చాచిన చెయ్యి దించలేదు.

తర్వాత పారమ్మ వచ్చి నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చుంది. గుండు గీసింది. ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

నున్నటి తలతో తిరిగి వచ్చింది. ఒక్క గాటు పడలేదు.

"ఏమంది?" అని అడిగాను.

"తల కదపొద్దంది."

"ఇంకా?"

"అంతే. నాను మాత్రం అడిగినాను. మా యమ్మ కూడా అక్కడ అలగే పెట్టెకి సెవి పెట్టి ఇంటాదేటి అని. ఏటీ అన్లేదు."

రోజు 2360

అధికారి పొద్దు పొడవకముందే వచ్చాడు. సుందర్రాజు అని పేరు. వెంట ఇద్దరు సిపాయిలు, కింద దారిలో మూత బండి. పారమ్మను ముందే పిలిపించాడు. ఆమె తొట్టి గట్టు మీద కూర్చుంది. నా వైపు గానీ పిల్ల వైపు గానీ చూడలేదు.

"ఈ గుండేంటి?" అన్నాడు మిరెన్‌ను చూసి.

"మొక్కు బాబూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అవతలి పిల్లకు ఇవతల మొక్కా?"

"ఇక్కడ నీళ్ళే తాగతన్నాను గదా" అంది మిరెన్.

సిపాయి ఒకడు నవ్వి ఆపుకున్నాడు. అధికారి నవ్వలేదు. కొలకర్ర పాతించాడు. తానే వంగి ఆమె పాదాలు సరిచేశాడు. మోకాళ్ళు చేత్తో నొక్కి నిలబెట్టాడు. మెడ వెనక్కి పెట్టించాడు. నెలల తర్వాత పిల్ల నిటారుగా నిలబడడం చూశాను. బాగా ఎదిగింది.

పలక కిందికి జారింది. తలకు ఆనింది. అధికారి కన్ను గాటు దగ్గర పెట్టాడు.

"తగిలింది" అన్నాడు. పక్కకు జరిగి మళ్ళీ చూశాడు. "దాటలేదు. నీ పుస్తకంలో ఒక వేలు తక్కువుంది, ముసలాయనా."

"కళ్ళు సరిగా ఆనవు బాబూ."

"ఊఁ. మరి చెవులు బాగానే ఉన్నాయిగా." పేజీలు తిప్పాడు. "రెండువేల రెండువందల తొంభై. అవతలి గొంతు బొంగురు. నీ రాతే కదా?"

తల ఊపాను.

"సరే. విందాం."

మిరెన్ పెట్టె ముందు నిలబడి తన మాట చెప్పింది.  తర్వాత గాలి చప్పుడు. తర్వాత అవతల నుంచి ఆ సన్నటి గొంతు.

"గంగులు. రెండువేల మూడువందల అరవై. ఉన్నాను."

చివర చిన్న దగ్గు.

అధికారి పారమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. నీ కొడుకేనా?"

పారమ్మ నేల చూస్తోంది. వలల నుంచి దోనెల్లోకి నీళ్ళు పడే చప్పుడు వినిపిస్తోంది. సిపాయిలు ఇద్దరూ అప్పటికే మిరెన్‌కు అటూ ఇటూ వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, నిన్నే. డెబ్బై రోజుల కిందట బొంగురు పోయిన గొంతు ఇప్పుడు పాలు తాగే పిల్ల గొంతులా ఉంది. వాళ్ళు మోసం చేస్తున్నారేమో ఆలోచించుకో. కాదంటే నీ తప్పేం లేదు. ఈ పిల్లను తీసుకుపోతాం, అంతే."

"తీసుకుపోతే నా కొడుకేటవుతాడు?"

"ఆ గొంతు నీ కొడుకుది కాకపోతే నీ కొడుకు ఇప్పటికే ఏదో అయ్యుంటాడు కదమ్మా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతనికీ అలాగే అనిపించినట్టుంది. పుస్తకం మూసి మళ్ళీ తెరిచాడు.

పారమ్మ లేచింది. అతని భుజం దాకా కూడా రాదు.

"జలుబు చేసినాది ఆడికి. తగ్గినాది" అంది.

"ఖాయంగా చెప్తున్నావా?"

"తల్లిని నానా, నువ్వా?"

"అది కాదమ్మా, తర్వాత తేలితే నీ మీద..."

"నా కడుపున పుట్టినోడి గొంతు నాకు నువ్వు నేర్పుతావా బాబూ? ఆరేళ్ళు ఇన్నాను. మా గుంటడే. ఏలు ఎక్కడ ఎయ్యాల?"

అధికారి నన్ను చూశాడు. "నువ్వేమంటావు?"

"తల్లి సెప్పినాక నానేటి సెప్తాను" అన్నాను.

పారమ్మ బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా అదిమింది. కాగితం చిరుగుతుందేమో అనుకున్నాను. సిపాయిలు మిరెన్ పక్క నుంచి తప్పుకున్నారు. మళ్ళీ ఆర్నెల్లకు వస్తానని, ఆనాటికి ఈ పిల్ల గాటు దాటకుండా ఉండదని చెప్పి అధికారి దిగిపోయాడు. బండి చప్పుడు మలుపు దాకా వినిపించింది.

పారమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. మిరెన్ దగ్గరగా పోయి నిలబడింది. ముట్టుకోలేదు.

"ఆడు కాదు గదా" అంది మెల్లగా.

"కాదు."

"మరి..."

"మీ తాత 'ఏమో' అన్నాడు గదే. ఆ 'ఏమో' నాకుండనీ."

ఏడవలేదు. చేతికి అంటిన సిరా తొట్టి రాతికి రుద్దుకుంది. అది పోలేదు.

రోజు 2361

మూడు వందల అరవై బిందెలు. ఎత్తు కొలవలేదు.

పారమ్మ చీకటితో కొండెక్కి వచ్చింది. వస్తుందనుకోలేదు. మిరెన్ తల మీద మంచు చుక్కలు నిలిచి ఉన్నాయి. పారమ్మ చూసి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆ గుండుకు చుట్టి, చెవుల మీదుగా లాగి గట్టిగా ముడి వేసింది.

మిరెన్ తన మాట చెప్పింది. తర్వాత అవతల నుంచి ఆ గొంతు వచ్చింది. పేరు, అంకె, ఉన్నాను. ఈరోజు దగ్గు రెండుసార్లు వచ్చింది. రెండోది లోపలి నుంచి.

పారమ్మ పెట్టెకు చెవి ఇంకా దగ్గరగా పెట్టింది.

"ఇన్నావా మావా? ఈ గుంటకి నెమ్ము పట్టినాది. తెల్లారగట్ల మంచులో నిలబెట్టేస్తన్నారు కామాల. సెవులకి ఒక గుడ్డైనా కట్టరేటి, పాపిష్టోళ్ళు" అంది.